జీఆర్‌ఈ మాటలను వాక్యంలో నేర్పండి: కోచింగ్ కేంద్రాలకు బహిరంగ లేఖ

హైదరాబాద్ హిమాయత్‌నగర్, కూకట్‌పల్లి మొదలుకొని విశాఖ ద్వారకానగర్, విజయవాడ, తిరుపతి దాకా జీఆర్‌ఈ కోచింగ్ కేంద్రాలు నడుపుతున్న నిర్వాహకులకు, అక్కడ వెర్బల్ పాఠం చెప్పే అధ్యాపకులకు ఈ లేఖ.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లిష్ బోధిస్తాను. మూడో ఏడాది వచ్చేసరికి మా పిల్లల్లో చాలామంది మీ దగ్గర చేరతారు. అప్పటి నుంచి వాళ్ల చేతిలో మీరిచ్చిన వర్డ్ లిస్టు కనిపిస్తుంది. బస్సులో చదువుతారు, క్యాంటీన్లో చదువుతారు, ల్యాబ్ బయట మెట్ల మీద కూర్చుని ఒకరినొకరు అడుగుతారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన అమ్మాయి 'ఆబ్‌స్ట్రెపరస్' అనే మాటను తడబడకుండా పలికి, అర్థం కూడా చెబితే నాకు నిజంగా సంతోషం వేస్తుంది. ఆ శ్రమ చిన్నది కాదు. కానీ అదే అమ్మాయికి ఆ మాట ఉన్న వాక్యం ఇచ్చి, ఇక్కడ దీని పనేమిటో చెప్పమంటే ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం గురించే ఈ ఉత్తరం.

బట్టీ పద్ధతికి ఒకప్పుడు న్యాయం ఉండేది. 2011 ఆగస్టుకు ముందు జీఆర్‌ఈ వెర్బల్‌లో యాంటొనిమ్స్, అనాలజీలు ఉండేవి. ఒక్క మాట ఇచ్చి దాని వ్యతిరేకార్థం గుర్తించమనేవారు. చుట్టూ వాక్యం లేదు, ఊతం లేదు. మాట తెలిస్తే మార్కు, తెలియకపోతే లేదు. బారన్స్ పుస్తకం వెనక ఉన్న 3,500 మాటల పట్టికను ఆ రోజుల్లో మీ గురువులు పిల్లల చేత వల్లె వేయించారంటే, ఆ పరీక్ష అలాంటిది. 2011 ఆగస్టులో, ఈ పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థ ఆ రెండు రకాల ప్రశ్నలనూ తీసేసింది. అప్పటి నుంచి ఉన్నవి టెక్స్ట్ కంప్లీషన్, సెంటెన్స్ ఈక్వివలెన్స్, రీడింగ్ కాంప్రహెన్షన్. మూడూ వాక్యాల మీద నడిచేవే. 2023 సెప్టెంబరులో పరీక్షను మళ్లీ కుదించి రెండు గంటల లోపుకు తెచ్చారు. వెర్బల్‌లో ఇప్పుడు 27 ప్రశ్నలు, వాటికి 41 నిమిషాలు. పరీక్ష ఇంత మారినా లిస్టు మాత్రం మారలేదు. 3,500 కాస్తా 800 అయింది, 333 అయింది, ఫోన్లో ఫ్లాష్ కార్డు అయింది. మాట ఎడమ పక్క, అర్థం కుడి పక్క ఉండే పద్ధతి మాత్రం అలాగే ఉంది.

ఆ కుడి పక్క అర్థం దగ్గరే నా మొదటి అభ్యంతరం. టాసిటర్న్, రెటిసెంట్, లాకానిక్ అనే మూడు మాటలు తీసుకోండి. చాలా లిస్టుల్లో మూడింటికీ అర్థం ఒకటే: తక్కువ మాట్లాడే. కానీ టాసిటర్న్ మనిషి స్వభావం. వాడు ఎక్కడైనా అంతే, ముభావి. రెటిసెంట్ అంటే ఫలానా సంగతి దగ్గర నోరు విప్పడానికి ఇష్టపడనివాడు; వేరే సంగతుల్లో గలగలా మాట్లాడవచ్చు. లాకానిక్ మాట్లాడతాడు, కాకపోతే నాలుగు మాటల పని ఒక్క మాటతో కానిస్తాడు. ఈ మాట స్పార్టా ఉన్న లాకోనియా ప్రాంతం పేరు నుంచి వచ్చింది. మెసిడోనియా రాజు ఫిలిప్, తాను ఆ గడ్డ మీద అడుగు పెడితే అక్కడివాళ్లను వెళ్లగొడతానని బెదిరిస్తే, అక్కడివాళ్లు 'పెడితే' అని ఒక్క మాట జవాబు పంపారని ప్లూటార్క్ రాశాడు. ఈ కథ చెప్పడానికి అర నిమిషం పడుతుంది. విన్న పిల్లవాడు లాకానిక్‌ను జన్మలో మరచిపోడు, టాసిటర్న్‌తో కలిపేయడు కూడా. పరీక్షలో ఖాళీకి ముందు 'తన బాల్యం గురించి అడిగితే మాత్రం' అన్న ముక్క ఉంటే అక్కడ రెటిసెంట్ పడుతుందని వాడికి తెలుస్తుంది. మూడింటికీ ఒకే అర్థం రాసుకున్నవాడికి ఆ ముక్క కనిపించదు.

సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఇది మరీ ప్రమాదం. ఆరు మాటలిచ్చి రెండు ఎంచుకోమంటారు. రెండూ వాక్యంలో కుదరాలి, రెండింటితోనూ వాక్యానికి ఒకే అర్థం రావాలి. ఒకటి సరైనది పెట్టి ఇంకొకటి తప్పు పెడితే సగం మార్కు ఇవ్వరు. ఇచ్చిన మాటల్లో ఒకే అర్థం ఉన్న జంటను వెతికి గుర్తు పెట్టేయవద్దని, ఆ జంట వాక్యానికి అతకకపోవచ్చని ఈటీఎస్ తన సూచనల్లోనే హెచ్చరిస్తుంది. లిస్టు చదివినవాడు చేసేది సరిగ్గా అదే: జంటను వెతుకుతాడు.

అర్థంతో పాటు మాటకు ఒక రంగు ఉంటుంది. ఇది తెలుగు పిల్లలకు కొత్త సంగతి కాదు. పేరుపొందిన కవి అంటాం, పేరుమోసిన దొంగ అంటాం. ఆ రెంటినీ తారుమారు చేస్తే ఏడేళ్ల పిల్లకైనా చెవికి తగులుతుంది. ఫేమస్, నోటోరియస్ మధ్య ఉన్న తేడా అదే. ఫ్రూగల్, పార్సిమోనియస్ రెండింటి పక్కనా 'పొదుపరి' అని రాసి ఉన్న పుస్తకాన్ని నేను చూశాను. మొదటిది మెప్పు, రెండోది తిట్టు. పొదుపరి, పిసినారి అని చెబితే తీరిపోయేదానికి ఎంత గందరగోళం! మీ క్లాసుల్లో తెలుగు మాట్లాడకూడదన్న నియమం కొన్ని చోట్ల ఉందని పిల్లలు చెబుతారు. దయచేసి ఎత్తేయండి. ఇంటి భాషలో అంత సూక్ష్మంగా వినగల చెవిని గుమ్మం బయట వదిలి రమ్మనడం వాళ్లకు మీరు చేస్తున్న నష్టం.

ఇక రెండో సంగతి. అరుదైన మాటల వేటలో మామూలు మాటలను మీరు వదిలేస్తున్నారు. పరీక్ష పెట్టేవాళ్లు వదలడం లేదు. 'చెక్' అంటే సరిచూడటమని అందరికీ తెలుసు. అదుపు చేయడం, అడ్డుకోవడం అనే అర్థం ఎంతమందికి తెలుసు? 'టెంపర్' కోపం ఒక్కటే కాదు, తీవ్రతను తగ్గించడం కూడా. 'బెట్రే' అంటే ద్రోహం చేయడమే కాక, దాచుకున్న భావాన్ని బయటపెట్టేయడం. 'ఫ్లాగ్' జెండానే కాదు, ఓపిక సన్నగిల్లడం. 'వాంటింగ్' అంటే కొరవడినది. 'క్వాలిఫైడ్ ప్రెయిజ్' అన్న చోట మా విద్యార్థులు 'అర్హత గల ప్రశంస' అని అర్థం చేసుకుంటారు. అసలు సంగతి, మెచ్చుకున్నాడు గానీ 'అయితే' అంటూ షరతులు పెట్టాడని. 'శాంక్షన్' అయితే ఒక చోట అనుమతి, ఇంకో చోట ఆంక్ష. ఏది ఎక్కడో వాక్యం తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ఈ మాటలేవీ పిల్లలు లిస్టులో వెతకరు, తమకు తెలుసుననుకుంటారు కాబట్టి. తెలుసుననుకున్న మాట దగ్గర పోయే మార్కులు తెలియని మాట దగ్గర పోయే వాటికంటే తక్కువేమీ కావు.

ఇంకా మామూలువి ఉన్నాయి. ఆల్బీట్, నాట్‌విత్‌స్టాండింగ్, హార్డ్‌లీ, ఫార్ ఫ్రమ్, ఎనీథింగ్ బట్. వాక్యం ఎటు తిరుగుతుందో చెప్పేవి ఇవే. 'ఎనీథింగ్ బట్ సింపుల్' అంటే సింపుల్ తప్ప ఇంకేదైనా, అంటే అస్సలు సులువు కాదని. దీన్ని తలకిందులుగా చదివినవాడు మూడు ఖాళీల ప్రశ్నలో మూడూ పోగొట్టుకుంటాడు. అప్పుడు ఎన్ని వందల కొత్త మాటలు వచ్చినా ఏం లాభం?

పదజాలం మీద జీవితకాలం పనిచేసిన న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ 2006లో ఒక లెక్క తేల్చాడు. ఇంగ్లిష్ పుస్తకమో పత్రికో ఎవరి సాయమూ లేకుండా చదువుకోవాలంటే అందులోని మాటల్లో 98 శాతం తెలిసి ఉండాలనుకుంటే, ఎనిమిది తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలని. ఒక మాట, దాని నుంచి పుట్టిన రూపాలు అన్నీ కలిపి ఒక కుటుంబం. మన పిల్లల్లో చాలామంది దగ్గర రోజువారీ రెండు మూడు వేల మాటలు ఉంటాయి. అక్కడి నుంచి మీరు వాళ్లను ఒక్క దూకులో 'సెస్క్విపెడాలియన్' దగ్గరకు తీసుకెళుతున్నారు. మధ్యలో కన్సీడ్, అండర్‌మైన్, ప్లాజిబుల్, టెంటటివ్, స్కాంట్ లాంటి కొన్ని వేల మాటల మెట్లు ఉన్నాయి. రీడింగ్ కాంప్రహెన్షన్ గద్యమంతా ఆ మెట్ల మీదే ఉంటుంది. అవి లిస్టు చదివితే రావు. చదవగా చదవగా వస్తాయి.

మాట ముఖం చూసి అర్థం ఊహించడం మీరు నేర్పుతారు. అది మంచి విద్యే, కొనసాగించండి; కాకపోతే సగంలో ఆపకండి. లాటిన్, గ్రీకు ధాతువులు చెప్పేటప్పుడు మన తెలుగు వాచకంలో ఉపసర్గల పాఠం గుర్తు చేయండి. ఆహారం, విహారం, సంహారం, ప్రహారం చదువుకున్నవాళ్లే కదా వీళ్లు. ధాతువు ఒకటే, ముందు చేరిన ముక్కతో అర్థం మారిపోతుంది. ఇన్‌స్పెక్ట్, ప్రాస్పెక్ట్, రెట్రోస్పెక్ట్ కూడా అదే పద్ధతి. లోపలికి చూడటం, ముందుకు చూడటం, వెనక్కి చూడటం. సర్కమ్‌స్పెక్ట్ అంటే చుట్టూ చూసుకునేవాడు, అంటే ఆచితూచి అడుగు వేసేవాడు. చూపు స్థానంలో మాటను పెడితే సర్కమ్‌లొక్యూషన్. మన డొంకతిరుగుడు మాటే అది. ఎలొక్వెంట్, లొక్వేషియస్, గ్రాండిలొక్వెంట్ దాని చుట్టాలు. ఇలా ఒకసారి కుటుంబాన్ని పరిచయం చేస్తే ఒక్కొక్కరినీ విడిగా బట్టీ పట్టే పని ఉండదు.

సగంలో ఆపవద్దని ఎందుకన్నానంటే, కొన్ని ముఖాలు మోసం చేస్తాయి. ఎనర్వేట్ చూస్తే ఎనర్జీ గుర్తొస్తుంది. దాని అర్థం సత్తువ లాగేయడం. మెరిట్రీషియస్‌లో మెరిట్ కనిపిస్తుంది గానీ ఉన్నది పైమెరుపు, లోపల ఏమీ లేనిది. రెస్టివ్ విశ్రాంతిగా ఉన్నవాడు కాదు, కుదురు లేనివాడు. నాయిసమ్‌కు చప్పుడుతో సంబంధం లేదు, అది కంపుకొట్టేది, హాని చేసేది. డిసింటరెస్టెడ్ అంటే ఆసక్తి లేనివాడని రాసుకుంటారు. తన స్వార్థం ఏమీ లేని నిష్పక్షపాతి అని పరీక్ష అడుగుతుంది. ఇలాంటి మాటలకు క్లాసులో విడిగా ఒక రోజు పెట్టండి. పిల్లలు దెబ్బతినేది ఇక్కడే.

ఇప్పుడు జ్ఞాపకం సంగతి. రోజుకు వంద మాటల చొప్పున నెల రోజుల్లో మూడు వేలు అని ప్రకటనలు చూస్తున్నాను. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసి, అర్థం లేని అక్షరాల ముక్కలు నేర్చుకుంటే వాటిలో ఎక్కువ భాగం మొదటి రోజే జారిపోతుందని చూపించాడు. వాక్యం లేని కొత్త మాట పిల్లవాడికి అలాంటి ముక్కే. 2008లో అమెరికాలో కార్పికీ, రోడిగర్ అనే ఇద్దరు పరిశోధకులు కళాశాల విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లిష్ అర్థాలు ఇచ్చి నేర్పారు. ఒకసారి సరిగ్గా చెప్పిన మాటను కూడా మళ్లీ మళ్లీ అడుగుతూ పోయినవాళ్లకు వారం తర్వాత సుమారు 80 శాతం గుర్తున్నాయి. వచ్చేసిందిలే అని అడగడం ఆపేసినవాళ్లకు, ఆ మాటలను ఎన్నిసార్లు తిరిగి చదివినా, మూడో వంతే మిగిలాయి. అంటే లిస్టును ఇంకోసారి చదవడం వల్ల కాదు, మనసులోంచి పైకి తీయడం వల్ల మాట నిలుస్తుంది. రేపు, మూడు రోజులకు, వారానికి, నెలకు అడగండి. అంకి లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ లెక్కంతా అదే చూసుకుంటుంది. కార్డుకు ఒక వైపు ఖాళీ ఉన్న వాక్యం, రెండో వైపు మాట పెట్టించండి. అంతే మార్పు.

మాట శబ్దాన్ని తెలుగు మాటతో ముడిపెట్టి నవ్వించే చిట్కాలు మీలో చాలామంది వాడతారు. వాటిని నేను తప్పుపట్టను. 1975లోనే అట్కిన్సన్, రా అనే పరిశోధకులు రష్యన్ మాటలు ఆ పద్ధతిలో నేర్పి, అది పనిచేస్తుందని నిరూపించారు. గుర్తు పెట్టుకోవడానికి అది మొదటి మెట్టు. మాట ఎవరి పక్కన కూర్చుంటుందో, ఎవరి పక్కన కూర్చోదో ఆ చిట్కా చెప్పలేదు. అందుకు వాక్యాలే కావాలి.

ఒక పెద్దాయనను తలచుకుందాం. 1817లో మద్రాసు వచ్చి, 1820లో కడపకు ఉద్యోగిగా వెళ్లిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ మన భాషను పెద్దవాడయ్యాక, పరాయివాడిగా నేర్చుకున్నాడు. ఇవాళ మన పిల్లలు ఇంగ్లిష్ దగ్గర నిలబడ్డ చోటే ఆయన తెలుగు దగ్గర నిలబడ్డాడు. వేమన పద్యాలు సేకరించి చదివాడు, పండితులను పక్కన పెట్టుకుని కావ్యాలు చదివాడు, కచేరీలో రైతుల మాటలు విన్నాడు. 1852లో వచ్చిన ఆయన తెలుగు ఇంగ్లిష్ నిఘంటువు తెరవండి. ఎన్నో మాటల పక్కన ఒక వాడుక, ఒక కావ్యం పేరు, ఒక జనం మాట కనిపిస్తాయి. మాటను దొరికిన చోటుతో సహా రాసుకున్నాడు. ఆయన మాటలు నేర్చుకున్న తీరు ఆ పుటల్లోనే ఉంది. పరాయి భాష నేర్చుకునేవాడికి అంతకంటే మంచి పాఠ్యప్రణాళిక నేను చూడలేదు.

మరో ఉదాహరణ మన కాలంలోది. 2024లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ గెలిచిన బృహత్ సోమ తెలుగు కుటుంబం బిడ్డ. ఆ పోటీలో మాట పలకగానే పిల్లలు అర్థం అడుగుతారు, ఏ భాష నుంచి వచ్చిందో అడుగుతారు, వాక్యంలో వాడి చూపమంటారు. అడిగే హక్కు నియమాల్లోనే ఉంది. 2021 నుంచి వేదిక మీద మాటల అర్థం అడిగే రౌండు కూడా పెట్టారు. అక్షరాలు అప్పజెప్పడానికే పుట్టిన పోటీ కూడా వాక్యం లేకుండా కుదరదని ఒప్పుకుంది.

బట్టీ పట్టిన మాటలు పరీక్షలోనే ఆగిపోతే ఇంత రాసేవాణ్ణి కాదేమో. అవి మొదట బయటపడేది విశ్వవిద్యాలయానికి దరఖాస్తుతో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో. దిద్దమని పిల్లలు నా దగ్గరకు తెస్తారు. ప్రతి రెండో వాక్యంలో ప్లెథోరా, మిరియడ్, ఇన్‌సేషియబుల్, క్వింటెసెన్షియల్. తాను చేసిన ప్రాజెక్టు ఏమిటో, అందులో ఎక్కడ చిక్కుపడ్డాడో, ఆ చిక్కు ఎలా విప్పాడో మాత్రం ఉండదు. అవతల చదివే ప్రొఫెసరుకు కావలసింది అదే. ఆడంబరమైన మాట వెనక మంచి విద్యార్థి కనిపించకుండా పోతున్నాడు. చిన్న మాట చాలినచోట పెద్ద మాట వాడకపోవడం కూడా పదజాల పాఠంలో భాగమేనని మనం చెప్పడం లేదు. నేనైతే దాన్ని మొదటి పాఠం చేస్తాను.

మీకు వ్యాపారం ఉంది, అద్దెలున్నాయి, బ్యాచ్ రెండు నెలల్లో ముగియాలి. అది తెలిసే అడుగుతున్నాను. అడిగేవి పెద్ద కోరికలు కావు. క్లాసులో అరగంట చదువుకు కేటాయించండి. సైన్స్ మీదో, చరిత్ర మీదో, కళల మీదో రాసిన ఒక పేజీ గద్యం ఇచ్చి చదివించండి. జీఆర్‌ఈ గద్యాలు వచ్చేది ఆ రంగాల నుంచే. అందులో ఎదురైన మాటలే ఆ రోజు మాటలు. రోజుకు వంద వద్దు, పది చాలు, వాటికి రెండేసి వాక్యాలు పిల్లలే రాయాలి. ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ లాంటి లెర్నర్స్ డిక్షనరీలు ఫోన్లో ఉచితంగా దొరుకుతాయి. లాంగ్‌మన్ వాళ్లు 1978 నుంచి సుమారు రెండు వేల తేలిక మాటలతోనే అర్థాలు చెబుతున్నారు. వాటిని తెరవడం అలవాటు చేయండి. మాక్ టెస్టుల విషయంలో ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ పరీక్షలు రెండున్నాయి. మీరు తయారుచేసిన వాటికంటే ముందు అవి రాయించండి, ఎందుకంటే అసలు ప్రశ్న ఎలా ఉంటుందో అక్కడే తెలుస్తుంది. తప్పు చేసిన ప్రతి ప్రశ్న దగ్గర మాట తెలియక తప్పిందా, వాక్యం అర్థం కాక తప్పిందా అని పిల్లల చేత ఒక పుస్తకంలో రాయించండి. రెండు వారాల్లో ఆ పుస్తకమే మీకు ఎవరికి ఏం నేర్పాలో చెబుతుంది.

నెలలో మూడు వేల మాటలన్న ప్రకటన మాత్రం తీసేయండి. అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రి దాన్ని నమ్ముతున్నాడు.

చాలా అమెరికా విశ్వవిద్యాలయాలు ఇప్పుడు జీఆర్‌ఈ తప్పనిసరి కాదంటున్నాయి. ఈ పరీక్ష రేపు ఎంతమందికి అవసరమవుతుందో ఎవరి లెక్క వారిది. కానీ అక్కడ చేరిన మొదటి వారంలోనే మన పిల్లవాడికి చదవమని పరిశోధన పత్రాలు ఇస్తారు. వాటిని చదవగలిగేలా చేసి పంపే శక్తి మీకుంది. వచ్చే బ్యాచ్ మొదటి రోజు లిస్టు పంచకండి. ఒక పేజీ చేతికిచ్చి, పైకి చదవమనండి.

ఇట్లు,
మీ విద్యార్థులకు కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే ఒక అధ్యాపకుడు